మోకరించినవాడి ఓటు

1785 డిసెంబరు 7. లండన్ నగరపు అంచున హాక్స్‌టన్‌లో ఛార్లెస్ స్క్వేర్ అనే చోటు. ఇరవై ఆరేళ్ళ పార్లమెంటు సభ్యుడొకడు ఆ చౌరస్తా చుట్టూ ఒకటి రెండు చుట్లు తిరిగాడు. ఒక పాదిరిగారి తలుపు తట్టాలి, చెయ్యి రావడం లేదు. ఎవరి కంటైనా పడితే రేపు క్లబ్బుల్లో అదే మాట. అతను ఇంగ్లండులోకెల్లా పెద్ద నియోజకవర్గాల్లో ఒకటైన యార్క్‌షైర్ ప్రతినిధి, ప్రధానమంత్రి విలియం పిట్‌కి ప్రాణమిత్రుడు, పాటలకూ పేకాటకూ మాటల చమత్కారానికీ పేరుపడ్డ విలియం విల్బర్‌ఫోర్స్. తలుపు అవతల ఉన్నది జాన్ న్యూటన్. ఇప్పుడు పాదిరి, ఒకప్పుడు బానిసల ఓడ కెప్టెన్.

ఆ కాలపు ఇంగ్లండులో పెద్దింటివాళ్ళు ఆదివారం గుడికి వెళ్ళడం మర్యాద. అంతకుమించి భక్తి చూపిస్తే మతిచెడిందనేవారు. 'మెథడిస్టు' అన్నది తిట్టు కింద చెల్లేది. విల్బర్‌ఫోర్స్‌కి ఇది చిన్నప్పుడే అనుభవం. హల్ అనే రేవు పట్టణంలో వర్తకుల ఇంట 1759లో పుట్టాడు. తొమ్మిదేళ్ళు నిండకుండానే తండ్రి పోతే తండ్రి సోదరుడి ఇంటికి పంపారు. ఆ ఇంట్లో గాఢమైన భక్తి. పిల్లవాడు న్యూటన్ ప్రసంగాలు మొదట విన్నది ఆ రోజుల్లోనే. సంగతి తెలిసిన తల్లి హడలిపోయి వచ్చి పిల్లవాణ్ణి వెనక్కి తీసుకుపోయింది. విందులూ నాటకాలూ అలవాటు చేసి ఆ 'జబ్బు' కుదిర్చారు. బాగానే కుదిరింది. కేంబ్రిడ్జిలో చదువు పేరుకు సాగింది. 1780లో ఇరవై ఒక్క ఏళ్ళకే హల్ నుంచి కామన్స్ సభకు ఎన్నికయ్యాడు. ఖర్చు ఎనిమిది వేల పౌన్లు దాటింది. ఆ డబ్బుతో అప్పట్లో ఒక జమీనే కొనవచ్చు.

1784-85లో ఐరోపా యాత్ర. బండిలో తోడుగా కూర్చున్నవాడు ఐజాక్ మిల్నర్ అనే కేంబ్రిడ్జి పండితుడు. దారిలో ఇద్దరూ ఫిలిప్ డాడ్రిడ్జ్ రాసిన భక్తి పుస్తకం ఒకటి చదివారు, తర్వాత గ్రీకు కొత్త నిబంధన చదివారు. తిరిగొచ్చేసరికి విల్బర్‌ఫోర్స్ మనసు అల్లకల్లోలం. మన చర్చిల్లో 'మారుమనస్సు' అంటామే, అది. రాజకీయం వదిలేసి ఏదో మూల ప్రార్థనలో బతకాలనుకున్నాడు. పిట్‌కి ఉత్తరం రాశాడు, న్యూటన్‌ని కలవడానికి వెళ్ళాడు.

ఇద్దరూ ఒకే మాట చెప్పారు, సభ వదలొద్దని. పిట్ స్నేహితుడిగా వాదించాడు, విశ్వాసం నిజమైతే అది పనిలోకి దిగాలి కదా అని. న్యూటన్ పాదిరిగా చెప్పాడు, దేవుడు నిన్ను అక్కడే ఉంచింది ఏదో పని కోసమేనని. సన్యాసం పుచ్చుకొమ్మని చెప్పడం ఆ పాదిరికి సులువు, వచ్చినవాడు వినడానికి సిద్ధంగా ఉన్నాడు. అయినా సభకే తిప్పి పంపాడు. క్రైస్తవ చరిత్రలో ఇంత ఫలించిన సలహాలు తక్కువ.

నేను మచిలీపట్నంలో పెరిగాను. అక్కడే చాలాకాలం చరిత్ర పాఠాలు చెప్పాను. మా సండే స్కూల్లో విల్బర్‌ఫోర్స్ కథ రెండు ముక్కల్లో ముగిసేది: రక్షణ పొందాడు, బానిసల్ని విడిపించాడు. ఆ రెండు ముక్కల మధ్య 48 ఏళ్ళున్నాయి. ఆ ఏళ్ళను దాటవేస్తే విశ్వాసం రాజకీయంలో ఎలా పనిచేస్తుందో అసలు అర్థం కాదు.

ఎందుకంటే బానిసల యజమానులూ క్రైస్తవులే. బార్బడోస్‌లోని కాడ్రింగ్టన్ తోటలు సువార్త వ్యాప్తి కోసం ఏర్పడిన ఒక సంఘానికి చెందినవి. అక్కడి బానిసల ఒంటి మీద ఆ సంఘం పేరుతోనే వాతలు పెట్టిన కాలం ఉంది. న్యూటన్ సంగతే చూడండి. 1748లో తుఫానులో చిక్కుకుని దేవుణ్ణి పిలిచాడు, బతికాడు, విశ్వాసి అయ్యాడు. బానిసల ఓడలకు కెప్టెన్‌గా పనిచేసింది ఆ తర్వాతే. పైన డెక్కు మీద ఆదివారం ప్రార్థన జరిపించేవాడు, కింద అరల్లో మనుషులు సంకెళ్ళలో ఉండేవారు. 1754లో ఓడ దిగాడు, అదీ అనారోగ్యం వల్ల. ఆ వ్యాపారం పాపమని బహిరంగంగా పుస్తకం రాసింది 1788లో. ప్రపంచమంతా పాడుకునే 'అమేజింగ్ గ్రేస్' రాసినవాడికి అన్నేళ్ళు పట్టింది.

కాబట్టి విశ్వాసం ఉంటే చాలు, కళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయనడం చరిత్రకు నిలవదు. నేను చదివినంతలో, పాఠం చెప్పినంతలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: విల్బర్‌ఫోర్స్‌కి విశ్వాసం ఇచ్చింది నిలబడే బలం. చూపు ఇచ్చినవాళ్ళు వేరు. వాళ్ళు కళ్ళారా చూసినవాళ్ళు, ఒంటి మీద భరించినవాళ్ళు. అలాంటివాళ్ళ మాట చేరిన చోట అతను మహానుభావుడు. చేరని చోట అదే విశ్వాసంతో, అంతే నిజాయితీతో, తప్పు పక్షాన నిలబడ్డాడు.

ముందు ఆ చూసినవాళ్ళ గురించి చెప్పాలి. జేమ్స్ రామ్సే నౌకాదళంలో వైద్యుడు, తర్వాత కరీబియన్‌లోని సెయింట్ కిట్స్ దీవిలో పాదిరి. చెరకు తోటల్లో జరిగేది ఏళ్ళ తరబడి చూసి 1784లో పుస్తకం రాశాడు. తోటల యజమానులు అతన్ని బతికినంతకాలం దుమ్మెత్తి పోశారు. ఒలాడా ఎక్వియానో బానిసగా అమ్ముడుపోయి, సొంత సంపాదనతో తనను తాను విడిపించుకుని, లండన్ చేరిన ఆఫ్రికన్. 1781లో జోంగ్ అనే ఓడ నుంచి నూటముప్పై మందికి పైగా బానిసల్ని బతికుండగానే సముద్రంలోకి తోసేసి, పోయిన సరుకు కింద బీమా సొమ్ము అడిగారు. ఆ వార్త గ్రాన్‌విల్ షార్ప్ అనే న్యాయ పోరాటకారుడి చెవిన వేసింది ఎక్వియానోనే. 1789లో తన జీవితకథను తనే అచ్చు వేయించుకుని దేశమంతా తిరిగి అమ్మాడు.

థామస్ క్లార్క్‌సన్ కేంబ్రిడ్జిలో లాటిన్ వ్యాసపోటీ కోసం ఈ విషయం చదివి, బహుమతి తీసుకుని ఇంటికి వెళ్తూ, దారిలో గుర్రం దిగి కూలబడ్డాడు. రాసినదంతా నిజమైతే ఎవరో ఒకరు దీనికి ముగింపు చూడాలి కదా అనిపించింది. అప్పటి నుంచి కాళ్ళకు బలపం కట్టుకుని బ్రిస్టల్, లివర్‌పూల్ రేవుల వెంట తిరిగాడు. నావికులతో మాట్లాడాడు, ఓడల అరలు కొలిచాడు, లివర్‌పూల్ అంగట్లో అమ్మకానికి పెట్టిన సంకెళ్ళు, వేళ్ళు నలిపే మరలు కొని తెచ్చాడు. 1787 మే 22న లండన్‌లో ఒక అచ్చాఫీసులో పన్నెండు మంది కూర్చుని సంఘం పెట్టారు. అందులో తొమ్మిది మంది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. వాళ్ళ మతం కారణంగా పార్లమెంటులో అడుగుపెట్టే వీలు లేనివాళ్ళు. సభలో మాట్లాడే మనిషి కావాలి. ఆ మనిషి విల్బర్‌ఫోర్స్.

ఆ ఏడాది అక్టోబరులో అతను డైరీలో రాసుకున్నాడు: దేవుడు తన ముందు రెండు పనులు ఉంచాడని, ఒకటి బానిస వ్యాపారాన్ని అణచడం, రెండోది దేశపు నడవడిని సరిచేయడం అని. ఈ రెండో పని దగ్గరికి తర్వాత వస్తాను. అతని గొప్పతనం మొదటిదాంట్లో ఉంటే, లోటు ఎక్కువగా రెండోదాంట్లో ఉంది.

1789 మే 12న సభలో మూడున్నర గంటలు మాట్లాడాడు. భక్తిపరుడు కదా, నరకం గురించీ దేవుడి కోపం గురించీ ఉరుముతాడనుకున్నవాళ్ళకు వేరేది వినిపించింది. లివర్‌పూల్ వర్తకుల్ని దుర్మార్గులని అనలేదు. ఈ పాపంలో పార్లమెంటుదీ భాగమే, మనమందరం దోషులమే అని మొదలుపెట్టాడు. తర్వాత అంకెలు చెప్పాడు: ఓడల్లో ఎందరు ఎక్కారు, ఎందరు దారిలో చనిపోయారు, దీవుల్లో దిగాక ఎందరు బతికారు. నావికులు కూడా ఎంతమంది చనిపోతున్నారో చెప్పాడు. ఆ ఓడలు నౌకాదళానికి శిక్షణశాలలని వాదించేవాళ్ళకు అది దెబ్బ.

ఇక్కడ విశ్వాసం ఎక్కడుందని అడగవచ్చు. అంకెల్లోనే ఉంది. విల్బర్‌ఫోర్స్ తన గంటలకు లెక్క రాసుకునేవాడు. ప్రార్థనకు ఎంత, చదువుకు ఎంత, సభకు ఎంత, వృథాగా ఎంత, అన్నీ పట్టికలుగా. మా నాన్నగారు చర్చి కోశాధికారిగా ఉన్న రోజుల్లో కానుకల పెట్టెలో పావలా తేడా వచ్చినా దేవుడి సొమ్మని రాత్రి నిద్రపోయేవారు కాదు. విల్బర్‌ఫోర్స్ తన బతుకంతటికీ అలాంటి లెక్క ఉందని నమ్మాడు. రోజుకో లెక్క చెప్పుకునే మనిషికి, బ్రిటిష్ ఓడలు ఏటా ముప్పై వేలకు పైగా మనుషుల్ని తీసుకుపోతున్నాయని తెలిశాక, నాకు తెలియదని తప్పుకునే దారి మూసుకుపోయింది. సభకు కూడా ఆ దారే మూయాలని చూశాడు. బ్రూక్స్ అనే ఓడ బొమ్మ అచ్చువేసి దేశమంతా పంచారు. ఓడకు ఇంతమందేనని పరిమితి పెట్టిన కొత్త చట్టం ప్రకారం 454 మందిని ఎక్కించవచ్చు, అంతకుముందు 609 మందిని ఎక్కించిన ఓడ అది. వరసలుగా పడుకోబెట్టిన మనుషుల బొమ్మలు చూశాక తెలియదనడం ఎవరికైనా కష్టం.

అయినా ఓడిపోయారు. 1791 ఏప్రిల్‌లో 163కు 88 ఓట్లతో తొలి ఓటమి. ఆ ఫిబ్రవరిలోనే మెథడిస్టుల నాయకుడు, ఎనభై ఏడేళ్ళ జాన్ వెస్లీ చావుకు ఆరు రోజుల ముందు విల్బర్‌ఫోర్స్‌కి ఉత్తరం రాశాడు. దేవుడే నిన్ను ఈ పనికి లేపకపోతే మనుషుల, దయ్యాల ఎదురుదెబ్బలకు అరిగిపోతావని హెచ్చరిస్తూనే, అలసిపోవద్దని ధైర్యం చెప్పాడు. 1792లో అయిదు వందలకు పైగా వినతిపత్రాలు వచ్చాయి. సభ రద్దుకు ఒప్పుకుంది, కానీ హెన్రీ డండాస్ అనే మంత్రి 'క్రమంగా' అనే ఒక్క మాట చొప్పించాడు. అలా నెగ్గిన తీర్మానాన్ని ప్రభువుల సభ నానబెట్టేసింది. ఈలోగా ఫ్రాన్సులో విప్లవం రక్తం పారించింది, కరీబియన్‌లోని ఫ్రెంచి వలస సాన్ డొమింగ్‌లో బానిసలు తిరగబడ్డారు, ఇంగ్లండులో సంస్కరణ మాట ఎత్తితేనే రాజద్రోహం. 1796లో 74కు 70. నాలుగు ఓట్లు. ఆ రాత్రి అతని పక్షంవాళ్ళు కొందరు కొత్త సంగీత నాటకం చూడటానికి వెళ్ళారు. డైరీలో ఆ బాధ రాసుకున్నాడు, జబ్బున పడ్డాడు, మరుసటి ఏడాది మళ్ళీ ప్రతిపాదన పెట్టాడు.

ఒళ్ళు కూడా సహకరించలేదు. 1788లో పేగుల వ్యాధితో చావు అంచుకు వెళ్ళాడు. డాక్టర్లు నల్లమందు ఇచ్చి బతికించారు. అది జీవితాంతం కొద్ది మోతాదులో వాడక తప్పలేదు. చూపు మందగించింది, వెన్ను వంగింది.

ఈ ఓటముల ఏళ్ళలో అతన్ని నిలబెట్టినవి రెండు. ఒకటి ఆదివారం. ఆ రోజు రాజకీయం ముట్టుకునేవాడు కాదు. 1801లో ప్రభుత్వం మారి ఆడింగ్టన్ ప్రధాని అయినప్పుడు తనకు పదవి వస్తుందన్న ఊహ విల్బర్‌ఫోర్స్ తలకెక్కింది. ఆదివారం మోకాళ్ళ మీద కూర్చున్నాక గాని ఆ వేడి దిగలేదని డైరీ చెబుతుంది. చివరిదాకా ఏ మంత్రి పదవీ తీసుకోలేదు. రెండోది స్నేహితులు. లండన్ దగ్గర క్లాపమ్‌లో హెన్రీ థార్న్‌టన్ అనే బ్యాంకరు ఇంటి చుట్టుపక్కల కొన్ని కుటుంబాలు చేరాయి. కలిసి ప్రార్థించేవారు, కలిసి దస్తావేజులు తిరగేసేవారు. వాళ్ళలో జకారీ మెకాలే పదహారేళ్ళకే జమైకా తోటలో పర్యవేక్షకుడిగా చేరి ఆ పని మీద అసహ్యం పుట్టి వచ్చినవాడు. మన ఇంగ్లీషు చదువుల మెకాలేకి తండ్రి. ఏ అంకె కావాలన్నా మిత్రులు అతన్నే అడిగేవారు. జేమ్స్ స్టీఫెన్ వెస్టిండీస్‌లో వకీలు. బార్బడోస్‌లో నలుగురు బానిసల మీద జరిగిన అన్యాయపు విచారణ కళ్ళారా చూసి, బానిసత్వాన్ని జీవితాంతం అసహ్యించుకున్నవాడు.

స్నేహితుడు ప్రధాని అయినప్పుడు విశ్వాసానికి అసలు పరీక్ష. ఫ్రాన్సుతో యుద్ధం ఆపి సంధి మాట్లాడాలని 1794 డిసెంబరులో విల్బర్‌ఫోర్స్ సభలో పిట్‌కి ఎదురు మాట్లాడాడు. రాజు మూడో జార్జి దర్బారులో మొహం చాటేశాడు. పిట్ కొన్ని రాత్రులు నిద్రపోలేదంటారు. 1805లో ఇంకా కష్టమైన రాత్రి వచ్చింది. నౌకాదళపు సొమ్ము వ్యవహారంలో డండాస్ మీద, అప్పటికి లార్డ్ మెల్‌విల్, అభియోగం. పిట్ కళ్ళు విల్బర్‌ఫోర్స్ మీదే ఉన్నాయి. అతను లేచి మెల్‌విల్‌కి వ్యతిరేకంగా మాట్లాడాడు. ఓట్లు 216కు 216. స్పీకరు పాలిపోయి, చాలాసేపు ఆగి, మెల్‌విల్‌కి వ్యతిరేకంగా ఓటు వేశాడు. పిట్ టోపీ కిందికి లాక్కుని కన్నీళ్ళు దాచుకున్నాడు. పార్టీ విప్పు జారీ అయితే మనస్సాక్షిని జేబులో పెట్టుకోవడం చూస్తూ పెరిగిన నాకు విల్బర్‌ఫోర్స్ జీవితంలో అన్నిటికంటే గౌరవం కలిగించే ఘట్టం ఇదే. పిట్‌ని అతను ప్రేమించడం మానలేదు. ఓటు మాత్రం పిట్‌ది కాదనుకున్నాడు.

గెలుపు చివరికి స్టీఫెన్ ఎత్తుగడతో మొదలైంది. 1806లో బ్రిటిష్ వర్తకులు శత్రువుల వలసలకు బానిసల్ని చేరవేయకూడదన్న బిల్లు ఒకటి వచ్చింది. చూడటానికి అది యుద్ధకాలపు జాగ్రత్త. నిజానికి వ్యాపారంలో పెద్ద భాగాన్ని అది తుంచేసింది. విల్బర్‌ఫోర్స్ కావాలనే మాట్లాడకుండా కూర్చున్నాడు. అతను లేస్తే అనుమానం వస్తుందని. ఇరవై ఏళ్ళు తన గొంతునే ఆయుధంగా పట్టుకున్న మనిషి, పని జరగడానికి ఆ గొంతే అడ్డని తెలిసిన రోజున మూసుకున్నాడు. 1807 ఫిబ్రవరి 23న అసలు బిల్లు మీద కామన్స్‌లో ఓటింగు. శామ్యూల్ రోమిలీ అనే సభ్యుడు తన ప్రసంగంలో, యుద్ధాల్లో గెలిచిన నెపోలియన్‌కి పట్టే నిద్రనీ, ఈ రాత్రి ఇంటికి వెళ్ళి విల్బర్‌ఫోర్స్ పోయే నిద్రనీ పోల్చాడు. సభ లేచి కేరింతలు కొట్టింది. విల్బర్‌ఫోర్స్ తల వంచుకుని ఏడ్చాడు. 283కు 16. మార్చి 25న రాజముద్ర పడింది.

అదే 1807లో లండన్‌లో మరో పుస్తకం అచ్చయింది: వెస్టిండీస్ బానిసల కోసం ఏరి కూర్చిన బైబిలు. పాత నిబంధన చాలావరకు లేదు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడే నిర్గమకాండపు కథ లేదు. ఆ సంవత్సరాన్ని పాఠంగా చెప్పినప్పుడల్లా ఈ రెండిటినీ పక్కపక్కనే చెప్పేవాణ్ణి. రెండూ విశ్వాసుల పనే.

ఇక రెండో పని, 'నడవడి సరిచేయడం'. ఇందులో మంచి ఉంది. పేదపిల్లల బడులు, ఖైదీల స్థితి, ఉరిశిక్షల తగ్గింపు, 1824లో పుట్టిన జంతు సంరక్షణ సంఘం, ఇలా ఎన్నిటికో చెయ్యి వేశాడు. తన రాబడిలో పెద్ద భాగం దానం చేసేవాడు. కానీ దేశపు నడవడిని కాపలా కాసే సంఘం 1797లో, థామస్ పెయిన్ బైబిలును ఖండిస్తూ రాసిన 'ఏజ్ ఆఫ్ రీజన్' అచ్చువేసిన థామస్ విలియమ్స్ అనే పేద పుస్తకాల వ్యాపారి మీద కేసు పెట్టింది. సంఘం తరఫున వాదించి గెలిచిన లాయరు ఎర్‌స్కిన్. శిక్ష పడేముందు విలియమ్స్ భార్య వీధిలో ఎర్‌స్కిన్‌ని పట్టుకుని ఇంటికి తీసుకువెళ్ళింది. ఇరుకు గది, మశూచితో పిల్లలు, భక్తి కరపత్రాలు కుట్టుకుంటూ ఆ వ్యాపారి. ఎర్‌స్కిన్ మనసు కరిగి, దయ చూపమని సంఘానికి రాశాడు. ఒప్పుకోలేదు. అతను ఆ కేసు వదిలేశాడు, విలియమ్స్ ఏడాది జైలుకు వెళ్ళాడు. ఆ సంఘపు పెద్దల్లో విల్బర్‌ఫోర్స్ ఒకడు. ఇది నాకు మింగుడుపడని సంగతి. ఎర్‌స్కిన్ ఆ గదిలోకి వెళ్ళాడు, సంఘంవాళ్ళు వెళ్ళలేదు. తేడా అంతా అక్కడే ఉందనుకుంటాను.

పనివాళ్ళు సంఘం కట్టకూడదనే 1799 చట్టానికి సూచన చేసినవాళ్ళలో అతనున్నాడు. 1819లో మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ మైదానంలో నిరాయుధుల మీదికి గుర్రాలు దూకించాక, సభలూ పత్రికలూ అణచడానికి తెచ్చిన ఆరు చట్టాలకు ఓటు వేశాడు. దూరపు బానిసల మీద కరుణ, దగ్గరి కూలివాడి మీద కాఠిన్యమని ఆ కాలంలోనే విలియం కాబెట్ అనే పత్రికా రచయిత ఎండగట్టాడు. కాబెట్‌కి ఆఫ్రికన్ల మీద గౌరవం లేదు కాబట్టి అతని మాట మొత్తం తీసుకోలేం, కానీ ఆ నింద ఊరికే రాలేదు. జమైకా నుంచి మెకాలే వచ్చాడు, లివర్‌పూల్ నుంచి క్లార్క్‌సన్ సంకెళ్ళు తెచ్చాడు. మాంచెస్టర్ మగ్గం దగ్గర నుంచి క్లాపమ్ భోజనాల బల్ల దగ్గరికి పిలిచి కూర్చోబెట్టినవాడు ఎవరూ లేరు.

మన దేశం సంగతీ అంతే. ఈస్టిండియా కంపెనీ సనదు 1813లో పునరుద్ధరించినప్పుడు, మిషనరీలకు తలుపు తెరవాలని విల్బర్‌ఫోర్స్ సభలో గట్టిగా వాదించాడు. ఎనిమిది వందలకు పైగా వినతిపత్రాలు వచ్చాయి. తలుపు తెరుచుకుంది, చదువుకు ఏటా లక్ష రూపాయలు కేటాయించాలన్న నిబంధనా అదే చట్టంలో చేరింది. విశాఖపట్నంలో అప్పటికే, 1805 నుంచీ, లండన్ మిషనరీ సొసైటీవాళ్ళు తెలుగు నేర్చుకుంటూ సువార్తల అనువాదానికి దిగారు. క్లాపమ్ మిత్రులు 1799లో స్థాపించడానికి తోడ్పడిన చర్చి మిషనరీ సొసైటీ 1841లో రాబర్ట్ నోబుల్‌నీ హెన్రీ ఫాక్స్‌నీ మా మచిలీపట్నానికి పంపింది. మా ఇంట్లో చదువు మొదలైంది ఆ గొలుసు చివరే. కృతజ్ఞత లేకపోతే మనిషిని కాను. అయినా 1813 నాటి అతని ప్రసంగాలు చదువుతుంటే ముల్లు గుచ్చుకుంటుంది. హిందువుల దేవతల గురించీ నడవడి గురించీ అతను వాడిన మాటలు క్రూరమైనవి. వాటికి ఆధారాలు క్లాపమ్ మిత్రుడు ఛార్లెస్ గ్రాంట్ రాతలు, శ్రీరాంపూర్ మిషనరీల నివేదికలు, కంపెనీ అధికారుల మాటలు. సతి గురించి అతను చెప్పిన దారుణం నిజమే. కానీ మొత్తం ఒక జాతి గురించి తీర్పు చెబుతూ ఆ జాతి మనిషి ఒక్కడి నోటి మాటా వినలేదు. ఎక్వియానో లాంటి భారతీయుడు అతనికి తారసపడలేదు.

1807 చట్టం వ్యాపారాన్నే ఆపింది. దీవుల్లో ఉన్న బానిసలు బానిసలుగానే ఉన్నారు. మెల్లగా చూద్దామన్న వైఖరి ఇప్పుడు విల్బర్‌ఫోర్స్ పక్షంలోనే చేరింది. 1824లో ఎలిజబెత్ హేరిక్ అనే లెస్టర్ పట్టణపు స్త్రీ, క్వేకర్, క్రమంగా కాదు, వెంటనే అని కరపత్రం రాసింది. స్త్రీలు సంఘాలు కట్టి ఇల్లిల్లూ తిరిగి, బానిసలు పండించిన చక్కెర మాన్పించారు. ఆడవాళ్ళు ఇలా తిరగడం లేఖనాలకు తగదని విల్బర్‌ఫోర్స్ అయిష్టపడ్డాడు. వాళ్ళు ఆగలేదు. 1830లో స్త్రీల సంఘాలు నిధులు ఆపేస్తామనే దాకా వెళ్ళాక పెద్దల సంఘం తన పేరులోంచి 'క్రమంగా' అన్న మాట తీసేసింది.

తోటల్లో బానిసలు కూడా బైబిలు చదివారు, కత్తిరించినదీ చదివారు, కత్తిరించనిదీ చదివారు. 1823లో దక్షిణ అమెరికా తీరపు బ్రిటిష్ వలస డెమరారాలో తిరుగుబాటు లేచింది. అక్కడి పాదిరి జాన్ స్మిత్‌కి మరణశిక్ష వేశారు, జైల్లోనే క్షయతో పోయాడు. విశాఖపట్నానికి మనుషుల్ని పంపిన లండన్ మిషనరీ సొసైటీయే అతన్నీ పంపింది. 1831 క్రిస్మస్ రోజుల్లో జమైకాలో బాప్టిస్టు సంఘపు డీకన్ శామ్ షార్ప్, స్వయంగా బానిస, పని ఆపే సమ్మెకు ఏర్పాటు చేశాడు. అది తిరుగుబాటుగా మారింది. 1832 మే 23న అతన్ని ఉరితీశారు. రాజకీయాన్ని మార్చిన విశ్వాసం గురించి రాసేటప్పుడు విల్బర్‌ఫోర్స్ పేరు పక్కన శామ్ షార్ప్ పేరు రాయకపోతే ఆ రాత సగమే. జమైకా వార్త వచ్చాక రద్దును వాయిదా వేయడం పార్లమెంటుకు కుదరలేదు.

విల్బర్‌ఫోర్స్ 1825లో సభ నుంచి తప్పుకున్నాడు. నాయకత్వం థామస్ ఫోవెల్ బక్స్‌టన్ అనే సభ్యుడికి అప్పగించాడు. పెద్దకొడుకు పాడి వ్యాపారంలో నష్టపోతే ఆస్తి కరిగిపోయి, చివరి ఏళ్ళు పాదిరులైన కొడుకుల ఇళ్ళల్లో గడిపాడు. 1833 జులై 26న, బానిసత్వాన్ని రద్దు చేసే బిల్లు గట్టెక్కడం ఖాయమన్న వార్త చేరింది. 29న కన్నుమూశాడు. యజమానులకు పరిహారంగా దేశం రెండు కోట్ల పౌన్లు ఇవ్వడానికి సిద్ధపడటం చూశానని దేవుడికి కృతజ్ఞత చెప్పాడట. బానిసలకు పరిహారం గురించి ఆ చట్టంలో ఒక్క ముక్క లేదు. పైగా 'అప్రెంటిస్' అనే పేరుతో మరికొన్నేళ్ళు పాత యజమాని దగ్గరే ఊరికే చాకిరీ. జేమ్స్ విలియమ్స్ అనే జమైకా అప్రెంటిస్ కుర్రవాణ్ణి జోసెఫ్ స్టర్జ్ అనే క్వేకరు ఇంగ్లండుకు తీసుకొచ్చి, అతని అనుభవాలు 1837లో అచ్చువేయించాడు. మళ్ళీ దేశం కదిలింది. 1838 ఆగస్టు 1న ఆ ఏర్పాటు ముగిసింది.

ఆ 1833 చట్టం ముసాయిదా రాసింది క్లాపమ్ స్టీఫెన్ కొడుకు, మరో జేమ్స్ స్టీఫెన్. వలసల శాఖలో అధికారి. పని తెమలక శనివారం మొదలుపెట్టి సోమవారం దాకా కూర్చుని రాయించాడు. ఆదివారం పని ముట్టని ఇంట పుట్టినవాడు ఆ ఆదివారం పనిచేశాడు. ఈస్టిండియా కంపెనీ భూభాగాన్ని ఆ చట్టం నుంచి మినహాయించారు. ఇక్కడి కోర్టులు బానిసత్వాన్ని గుర్తించకూడదన్న చట్టం 1843లో గాని రాలేదు. ఈలోగా మారిషస్‌లో చెరకు తోటల యజమానులు పరిహారం సొమ్ము పుచ్చుకుని కూలీల కోసం మన తీరానికి మనుషుల్ని పంపారు. గోదావరి పాయ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ళను ఆ దీవిలో కోరంగీలనే పిలిచారు. ఒప్పందం కాగితం మీద గుర్తు పెట్టిన ఈ కూలికీ పాత బానిసకూ తేడా ఏమిటని స్టర్జ్ మిత్రులు నిలదీస్తే, 1839లో ప్రభుత్వం ఆ వలసను ఆపింది. తోటల యజమానులు ఊరుకోలేదు. 1842లో, అధికారుల తనిఖీ ఉంటుందన్న షరతు మీద, మారిషస్ దారి మళ్ళీ తెరిచారు. లండన్‌లో వలసల శాఖ ఉపకార్యదర్శి కుర్చీలో అప్పుడు ఉన్నది ఆ స్టీఫెనే.